విజిల్ ఊదితేనే రూలు

ఐస్ హాకీలో శిక్షలు కఠినం చేసిన ప్రతిసారీ ఆట కొత్తగా కనిపించింది. కొన్నాళ్లకు రెఫరీ విజిల్ నెమ్మదించింది, పాత అలవాట్లు తిరిగొచ్చాయి. అయినా కొన్ని మార్పులు మాత్రం వెనక్కి పోలేదు. ప్రపంచంలోనే అతి పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో రూలుకీ విజిల్‌కీ మధ్య ముప్ఫై ఏళ్లుగా సాగుతున్న పెనుగులాట కథ ఇది.

2019 ఏప్రిల్ 23, కాలిఫోర్నియాలోని శాన్ హోసే. నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) ప్లేఆఫ్స్ తొలి రౌండులో ఏడో మ్యాచ్. గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి. మూడో పీరియడ్‌లో ఇంకా పదకొండు నిమిషాలు కూడా మిగల్లేదు. లాస్ వేగాస్ నుంచి వచ్చిన గోల్డెన్ నైట్స్ జట్టు 3-0తో ముందుంది. ఈ ఆటలో ఆఖరి పది నిమిషాల్లో మూడు గోల్స్ తిరిగి కొట్టడమంటే మాటలు కాదు.

ఆట మళ్లీ మొదలుపెట్టడానికి రెఫరీల బృందంలో ఒకరు పక్‌ను మంచు మీదికి వదిలారు. అంతలో వేగాస్ ఆటగాడు కోడీ ఈకిన్ కర్రను రెండు చేతులా అడ్డంగా పట్టుకుని శాన్ హోసే కెప్టెన్ జో పావెల్‌స్కీ ఛాతీ మీద నెట్టాడు. పావెల్‌స్కీ తూలి, పక్కనున్న మరో వేగాస్ ఆటగాడికి తగిలి వెల్లకిలా పడ్డాడు. తల మంచుకు కొట్టుకుని రక్తం కారింది. అప్పటిదాకా ఏ రెఫరీ చేయీ లేవలేదు. రక్తం చూశాక అందరూ ఒకచోట చేరి మాట్లాడుకుని, ఈకిన్‌కు అయిదు నిమిషాల మేజర్ పెనాల్టీ వేసి మ్యాచ్ నుంచే పంపేశారు.

ఆ అయిదు నిమిషాల్లో శాన్ హోసే షార్క్స్ నాలుగు గోల్స్ కొట్టింది. కెవిన్ లబాంక్ అనే కుర్రాడికి ఆ నాలుగింటిలోనూ వాటా ఉంది: ఒకటి తను కొట్టాడు, మూడు అందించాడు. వేగాస్ చివరి నిమిషంలో స్కోరు సమం చేసింది గానీ అదనపు సమయంలో బార్క్లే గుడ్రో గోల్‌తో 5-4తో ఓడిపోయింది. ఆ తర్వాత లీగ్ తమకు క్షమాపణ చెప్పిందని వేగాస్ జట్టు పెద్దలు బయటపెట్టారు. ఆ మ్యాచ్ నడిపిన రెఫరీలకు తర్వాతి రౌండులో పని దొరకలేదు. వేసవిలో రూలే మారిపోయింది. కొట్లాటకు వేసేవి తప్ప, మేజర్ పెనాల్టీ వేస్తే ఇకపై రెఫరీ వీడియో చూసి ఖాయం చేసుకోవాలి, తప్పనిపిస్తే తగ్గించుకోవచ్చు.

నిజానికి ఆ రాత్రి తప్పు రూల్స్ పుస్తకానిది కాదు. కర్ర అడ్డంగా పెట్టి నెట్టడం పుస్తకంలో ఎప్పటినుంచో నేరమే. ప్రతి మ్యాచ్‌లో డజన్లసార్లు జరుగుతుంది, చాలాసార్లు ఎవరూ విజిల్ ఊదరు. చూసీ చూడనట్టు వదిలేసే ఒక చిన్న తప్పుకు, రక్తం కనిపించింది కాబట్టి, ఉన్నట్టుండి పెద్ద శిక్ష పడింది. వేగాస్ అభిమానుల మంటంతా అక్కడే.

మనిషి తక్కువైతే ఏమవుతుంది?

హాకీ అనగానే మనకు గుర్తొచ్చేది పచ్చిక, ధ్యాన్‌చంద్, ఒలింపిక్ పతకాలు. మంచు మీద ఆడే హాకీ తీరు వేరు. జట్టుకు మైదానంలో ఆరుగురే, గోల్‌కీపర్‌తో కలిపి. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న రింక్. చుట్టూ గోడ, దాని మీద గాజు. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల, దాదాపు 170 గ్రాములు. ఇరవయ్యేసి నిమిషాల పీరియడ్లు మూడు. భుజంతో గుద్ది ఎదుటివాడి దగ్గర పక్ లాక్కోవడం ఇక్కడ తప్పు కాదు, అది ఆటలో భాగం. ఎంతవరకు భాగం అన్నదే తగాదా.

గీత దాటితే పెనాల్టీ. కర్రతో లాగడం, చేత్తో పట్టుకోవడం, కాలికి అడ్డం పెట్టడం, పక్ లేని మనిషికి దారి మూయడం, ఇవన్నీ మైనర్లు. తప్పు చేసినవాడు రెండు నిమిషాలు గాజుగోడ పక్కన పెనాల్టీ బాక్స్‌లో కూర్చోవాలి, అతని బదులు ఇంకొకరు దిగడానికి లేదు. కబడ్డీలో మనవాడు అవుటై బయట కూర్చుంటే మిగిలినవాళ్లు ఎలా గింజుకుంటారో ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే, కబడ్డీలో మనం పాయింటు తెస్తే మనవాడు తిరిగొస్తాడు, ఇక్కడ ఎదుటివాళ్లు గోల్ కొడితేనే మనవాడికి విడుదల. లేదంటే గడియారం తిరగాలి. మేజర్‌కైతే గోల్ పడ్డా విడుదల లేదు, అయిదు నిమిషాలూ పూర్తి కావాల్సిందే. శాన్ హోసేలో కొంప ముంచింది అదే.

గోల్‌కీపర్లు కాక అయిదుగురి మీద నలుగురు నిలబడే ఆ రెండు నిమిషాలను పవర్‌ప్లే అంటారు. ఇటీవలి సీజన్లలో సగటున అయిదు పవర్‌ప్లేల్లో ఒకటి గోల్‌తో ముగుస్తోంది. మంచి జట్లకు ఇంకా ఎక్కువ. మ్యాచ్‌కు రెండు జట్లూ కలిపి ఆరు గోల్స్ చుట్టూ మాత్రమే పడే ఆటలో అది చాలా పెద్ద లెక్క. అందుకే రెఫరీ చేయి లేస్తే కోచ్‌ల గుండెలు జారుతాయి.

మైనర్‌కు గోల్ పడితే విడుదల అనే సౌకర్యం మొదట్లో లేదు. దాని వెనక మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు ఉంది. 1955 నవంబరు 5న బోస్టన్‌తో ఆడుతూ జాన్ బెలివో ఒకే పవర్‌ప్లేలో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. అటుపక్క గోల్‌కీపర్ అల్లాటప్పా మనిషి కాదు, ఆ కాలపు మేటి టెరీ సావ్‌చుక్. రెండు నిమిషాల శిక్షకు మూడు గోల్స్ మూల్యమా అని మిగతా జట్లు గగ్గోలు పెట్టాయి. మరుసటి సీజన్ నుంచి మైనర్ పెనాల్టీ ఒక్క గోల్‌తో ముగిసేలా లీగ్ మార్చేసింది. శిక్ష మరీ గట్టిగా పనిచేస్తే జట్ల యజమానులు దాన్ని తగ్గించుకుంటారని అప్పుడే తేలిపోయింది.

పట్టుకుని వేలాడిన దశాబ్దం

1981-82లో ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లో సగటున ఎనిమిది గోల్స్ పడేవి. వేన్ గ్రెట్జ్‌కీ ఒక్కడే ఆ సీజన్‌లో 92 కొట్టాడు. 2003-04కు వచ్చేసరికి సగటు అయిదుకు కాస్త పైన ఆగింది. ఆ ఏడాది లీగ్ మొత్తంలో అత్యధిక గోల్స్ 41, అదీ ముగ్గురు పంచుకున్న అంకె. వంద పాయింట్లు (గోల్స్, అందించినవి కలిపి) దాటిన ఆటగాడు ఒక్కడూ లేడు. 94 పాయింట్లతో మార్టిన్ సాన్ లూయీ అందరికంటే పైన నిలిచాడు.

ప్రతిభ ఎండిపోయిందా అంటే లేదు, దాన్ని పట్టుకుని ఆపేశారు. న్యూజెర్సీ డెవిల్స్ జట్టు జాక్ లెమేర్ శిక్షణలో 1995లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. మధ్య జోన్‌లో వల పన్నినట్టు నిలబడి ఎదుటివాళ్లకు దారే లేకుండా చేయడం వాళ్ల పద్ధతి. ఫైనల్లో డెట్రాయిట్‌ను 4-0తో ఊడ్చేశారు. గెలిచినవాళ్లను చూసి మిగతావాళ్లు నేర్చుకున్నారు. వలకు తోడు ఇంకో విద్య కూడా వ్యాపించింది. నీకంటే వేగంగా స్కేటింగ్ చేసేవాడు పక్కనుంచి దూసుకెళ్తుంటే కర్ర అతని నడుముకు తగిలించి లాగు. అతని వెనక ఓ క్షణం వేలాడు. రూల్ ప్రకారం ఇది హుకింగ్. రెఫరీ ప్రతిసారీ ఊదితే మ్యాచ్ ముందుకు కదలదు కాబట్టి ఊదడు. ఊదడని తెలుసు కాబట్టి అందరూ లాగుతారు.

ఈ ధోరణి మీద ముందే గొంతెత్తిన స్టార్ ఆటగాడు మారియో లెమ్యూ. ఇదేం గ్యారేజీ లీగ్ అంటూ 1992లో మండిపడ్డాడు. లీగ్ స్పందించిన తీరు చూడండి: లాగినవాళ్లను వదిలేసి, మాట అన్నందుకు ఆయనకు జరిమానా వేసింది. 1997లో ఆయన తొలిసారి ఆట మానుకున్నప్పుడు 31 ఏళ్లు.

చివరికి లీగ్ కళ్లు తెరిపించింది ఆట కాదు, డబ్బు. జీతాల మీద యజమానులకూ ఆటగాళ్లకూ పేచీ వచ్చి 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. 1919లో ఫ్లూ మహమ్మారి వల్ల ఫైనల్ ఆగిపోయాక స్టాన్లీ కప్ ఎవరికీ దక్కని ఏడాది అదే. ఖాళీగా ఉన్న ఆ చలికాలంలో, 2004 డిసెంబరులో, డెట్రాయిట్ ఆటగాడు బ్రెండన్ షానహాన్ టొరంటోలో ఓ సమావేశం పెట్టాడు. ఆటగాళ్లు, కోచ్‌లు, రెఫరీలు, టీవీవాళ్లు ఒకచోట కూర్చున్నారు. తిరిగి తలుపులు తెరిస్తే జనం రావాలంటే ఏం చేయాలన్నదే చర్చ.

2005 అక్టోబరులో ఆట మళ్లీ మొదలైనప్పుడు చాలా మారాయి. రెండు గీతలు దాటే పొడవాటి పాస్‌కు అనుమతి దొరికింది. సమంగా ముగిసే మ్యాచ్‌లకు షూటౌట్ వచ్చింది. గోల్‌కీపర్ల ప్యాడ్లు చిన్నవయ్యాయి. సొంత జోన్ నుంచి పక్‌ను గాజు మీదుగా బయటికి కొడితే కారణాలేవీ అడగకుండా రెండు నిమిషాలు. ఇవి కొత్త రూల్స్. అన్నింటికంటే పెద్ద మార్పుకు మాత్రం కొత్త రూలేమీ రాయలేదు. హుకింగ్, హోల్డింగ్, దారి మూయడం - పుస్తకంలో ఉన్న వీటికే ఇకనుంచి ప్రతిసారీ విజిల్ ఊదండి అని రెఫరీలకు చెప్పారు. మొదటి నిమిషమైనా, చివరి నిమిషమైనా. స్టార్ అయినా, కొత్తవాడైనా.

ఫిలడెల్ఫియా లెక్క తప్పింది

మొదటి నెలల్లో మ్యాచ్‌లు పెనాల్టీ బాక్స్‌కు ఊరేగింపుల్లా నడిచాయి. ఆ సీజన్‌లో ఒక్కో జట్టుకు మ్యాచ్‌కు సగటున ఆరుకు దగ్గరగా పవర్‌ప్లేలు దక్కాయి. అంతకుముందు సీజన్‌లో అవి నాలుగు చిల్లర. గోల్స్ సగటు 5.1 నుంచి 6.2కు ఎగబాకింది. నిన్నటిదాకా వంద పాయింట్ల మనిషి లేని లీగ్‌లో ఏడుగురు వంద అందుకున్నారు. జో థార్న్‌టన్ 125, యారొమిర్ యాగర్ 123. అదే ఏడాది తొలి అడుగు వేసిన ఇద్దరు కుర్రాళ్లు, అలెగ్జాండర్ ఒవెచ్కిన్ 106, సిడ్నీ క్రాస్బీ 102.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. అప్పటి సంబరాల్లో చాలామంది పట్టించుకోని సంగతి, పెరిగిన గోల్స్‌లో ఎక్కువ భాగం పవర్‌ప్లేలో వచ్చినవే. అయిదుగురికి అయిదుగురు నిలబడి ఆడినప్పుడు గోల్స్ అంతగా పెరగలేదు. ఆట విచ్చుకుందని అందరూ అన్నారు గానీ లెక్కలు చూస్తే విజిల్ ఎక్కువగా మోగింది, అంతే. మోగడం తగ్గితే గోల్స్ ఏమవుతాయన్న ప్రశ్న ఆరోజే అడగాల్సింది.

కొత్త విజిల్ ఎవరిని దెబ్బకొట్టిందో తెలియాలంటే ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ వైపు చూడాలి. ఈ జట్టుకు కండబలం కులవిద్య. 1974, 1975లో వరుసగా స్టాన్లీ కప్ గెలిచినప్పుడు వాళ్లకు బ్రాడ్ స్ట్రీట్ బుల్లీస్ అని పేరు. అప్పటి ఆటగాడు డేవ్ షుల్ట్జ్ 1974-75లో 472 పెనాల్టీ నిమిషాలు పోగేశాడు, ఇప్పటికీ అదే రికార్డు. 1976 జనవరిలో సోవియట్ సైనిక జట్టు అతిథిగా వస్తే ఫ్లయర్స్ దెబ్బలకు తట్టుకోలేక ఆట మధ్యలో బయటికి నడిచిపోయింది. డబ్బు ఇవ్వబోమని బెదిరిస్తేగాని తిరిగి రాలేదు. ఆనాటి కెప్టెన్ బాబీ క్లార్క్. 2005లో జట్టు జనరల్ మేనేజర్ కూడా ఆయనే.

రూల్స్ కఠినమవుతున్నాయని అందరికీ తెలిసిన ఆ వేసవిలో క్లార్క్ డెరియన్ హాచర్‌ను, మైక్ రాత్జీని కొన్నాడు. ఇద్దరూ డిఫెండర్లు, ఇద్దరూ ఆరడుగుల అయిదంగుళాల భారీ మనుషులు, ఇద్దరూ నెమ్మది. పాత హాకీలో హాచర్ గోడలాంటివాడు, అతని చేతికి చిక్కితే తప్పించుకోవడం కష్టం. కొత్త హాకీలో చేత్తో పట్టుకుంటే విజిల్, పట్టుకోకపోతే అవతలివాడు దాటిపోతాడు. సీజన్ వరకు బండి నడిచింది, జట్ల పట్టికలో 101 పాయింట్లు వచ్చాయి. 2006 ప్లేఆఫ్స్ తొలి రౌండులో బఫెలో సేబర్స్ ఎదురైంది. చిన్న మనుషులు, చురుకైన కాళ్లు. అయిదడుగుల పదంగుళాలు మించని డానియెల్ బ్రియేర్ లాంటివాళ్లు వాళ్ల బలం. రెండో మ్యాచ్ 8-2, ఆరో మ్యాచ్ 7-1. ఫ్లయర్స్ డిఫెండర్లు తిరిగి చూసేలోపే పక్ వలలో పడేది.

మరుసటి సీజన్ మొదలైన నెలలోపే కోచ్ కెన్ హిచ్‌కాక్‌ను తీసేశారు, క్లార్క్ రాజీనామా చేశాడు. ఆ ఏడాది 56 పాయింట్లతో ఫ్లయర్స్ మొత్తం లీగ్‌లో అట్టడుగున నిలిచింది. 2007 వేసవిలో వాళ్లు చేసిన మొదటి పెద్ద పని, తమను ఉతికి ఆరేసిన బ్రియేర్‌ను ఎనిమిదేళ్లకు కొనుక్కోవడం. ఇప్పుడు ఆ జట్టు జనరల్ మేనేజర్ ఆయనే. షుల్ట్జ్ చొక్కాలు ఇంకా అమ్ముకునే ఊళ్లో జట్టును ఎంపిక చేసేది అయిదడుగుల పదంగుళాల మనిషి!

2003-04లో ప్లేఆఫ్స్‌కు కూడా రాని కరోలినా హరికేన్స్ 2006లో స్టాన్లీ కప్ ఎగరేసుకుపోయింది. గేరు మార్చిన రూల్స్‌ను ముందుగా చదువుకున్నవాళ్లకు దక్కిన ఫలం అది.

విజిల్ అలిసిపోయింది

అయితే ఆ ఆరు పవర్‌ప్లేలు ఏమయ్యాయి? మరుసటి ఏడాది అయిదుకు దగ్గరగా తగ్గాయి. 2010-11కు మూడున్నర. 2014-15కు మూడు. ఆటగాళ్లు బుద్ధిమంతులయ్యారని లీగ్ చెప్పుకుంది. అందులో కొంత నిజం లేకపోలేదు, శిక్ష పడుతుందని తెలిస్తే ఎవరైనా చేయి కట్టుకుంటారు. మిగతాది రెఫరీల కళ్లు మళ్లీ అలవాటు పడటమే. 2014-15లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించిన డాలస్ స్టార్స్ కెప్టెన్ జేమీ బెన్ స్కోరు 87. చీకటి కాలమని తిట్టుకున్న 2003-04లో సాన్ లూయీ 94 చేశాడని మర్చిపోకండి. మనవాళ్లు వేలల్లో స్థిరపడ్డ డాలస్‌లో ఆ ఏడాది ఆట చూసినవాళ్లు ఛాంపియన్ స్కోరర్‌ను చూశామనుకున్నారు. పూర్తిగా ఆడిన సీజన్లను చూస్తే అది దశాబ్దాల్లో అతి తక్కువ స్కోరుతో గెలిచిన కిరీటం.

తర్వాత ఇదే కథ చిన్న చిన్న వాయిదాల్లో నడిచింది. 2017 మార్చిలో క్రాస్బీ కర్ర దెబ్బకు ఒటావా డిఫెండర్ మార్క్ మెథాట్ చేతి వేలి కొస తెగిపోయింది, అప్పుడు విజిల్ మోగలేదు. ఆ శరదృతువులో చేతుల మీద కర్రతో కొట్టే స్లాషింగ్‌పై లీగ్ కన్నెర్ర చేసింది, సన్నాహక మ్యాచ్‌లు పెనాల్టీలతో నిండిపోయాయి. 2021లో కర్ర అడ్డంగా పెట్టి నెట్టే క్రాస్ చెకింగ్ వంతు వచ్చింది. ఆ సీజన్‌లో 60 గోల్స్ కొట్టిన టొరంటో స్టార్ ఆస్టన్ మాథ్యూస్ కూడా బఫెలో డిఫెండర్‌ను కర్రతో నెట్టినందుకు రెండు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. ప్రతిసారీ అక్టోబరులో ఊపు, మార్చికి సడలింపు.

వసంతం వచ్చి ప్లేఆఫ్స్ మొదలైతే విజిల్ మరీ ముడుచుకుపోతుంది. ఫలితాన్ని ఆటగాళ్లు తేల్చుకోవాలి గాని రెఫరీ కాదన్నది అక్కడి పాతకాలపు నమ్మకం. వినడానికి బాగానే ఉంటుంది. లాభం మాత్రం లాగేవాడిదే, నష్టం పరిగెత్తేవాడిదే. 2021 ప్లేఆఫ్స్‌లో ఎడ్మంటన్ జట్టు విన్నిపెగ్ చేతిలో 4-0తో పోయింది. లీగ్‌లోకెల్లా వేగవంతుడు కానర్ మెక్‌డేవిడ్‌ను ఆపడానికి నాలుగు మ్యాచ్‌ల్లో ఎదుటివాళ్లు చేసిన ఒక్క పని కూడా రెఫరీలకు తప్పుగా కనిపించలేదు. అతన్ని ఆపినందుకు ఒక్క పెనాల్టీ పడలేదు. నాకు తెలిసి దీన్ని నిష్పక్షపాతం అనలేం.

రెఫరీలు మనసులో ఏమనుకుంటారో లోకానికి తెలిసింది అదే ఏడాది. మార్చి 23న నాష్‌విల్, డెట్రాయిట్ మ్యాచ్‌లో సీనియర్ రెఫరీ టిమ్ పీల్ నాష్‌విల్ ఆటగాడికి పెనాల్టీ వేశాడు. అది పెద్ద తప్పేమీ కాదనీ, తొందరగానే నాష్‌విల్ మీద ఒకటి వేయాలనుకున్నాననీ ఆయన అంటున్న మాటలు మైకులో దొరికి టీవీలో వినిపించాయి. మర్నాడే లీగ్ ఆయన్ను సాగనంపింది. ఇంకో నెలలో రిటైర్ కావాల్సిన మనిషి. లీగ్ నిజాయతీకి ఇది నిదర్శనమన్నారు. దశాబ్దాలుగా లెక్క సరిచూసుకుంటూ విజిల్ ఊదడం ఒక పనితనంగా చెలామణి అయిన చోట, పీల్ చేసిన తప్పు ఊదడం కాదు, పైకి అనడం. పెనాల్టీ లెక్కలు ప్రతి రాత్రీ రెండు జట్లకూ ఇంచుమించు సమంగా రావడం యాదృచ్ఛికం అనుకునే హాకీ అభిమాని కనిపించడం కష్టం.

తల మీద దెబ్బ

హుకింగ్ సంగతి గోల్స్‌కు సంబంధించింది. తల మీద దెబ్బ అలాంటిది కాదు.

2010 మార్చి 7న పిట్స్‌బర్గ్ ఆటగాడు మాట్ కుక్ బోస్టన్ స్టార్ మార్క్ సవార్డ్ తలను భుజంతో గుద్దాడు. సవార్డ్ చూస్తున్నది ఇంకో వైపు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. కుక్‌కు పెనాల్టీ లేదు, నిషేధం లేదు. ఎందుకంటే అలా కొట్టకూడదని పుస్తకంలో లేదు! ఇక్కడ నిజంగా రూలే లేదు. ఆ నెల తిరక్కుండానే పక్కనుంచి వచ్చి తలను గురిపెట్టే దెబ్బను లీగ్ నిషేధించింది. అదే రూల్ 48. మరుసటి ఏడాది దాన్ని ఏ వైపునుంచి కొట్టినా వర్తించేలా పెంచారు. ఈలోగా 2011 జనవరి తొలి వారంలో వరుసగా తగిలిన రెండు దెబ్బలతో క్రాస్బీ అంతటివాడు ఆ సీజన్ మిగతా అంతా ఆటకు దూరమయ్యాడు. లీగ్ ముఖమే మంచాన పడ్డాక రూల్‌కు పదును పెట్టడంలో ఆశ్చర్యం లేదు.

టొరంటో సమావేశం పెట్టిన షానహాన్‌నే తెచ్చి ఆటగాళ్ల భద్రతా విభాగానికి అధిపతిని చేశారు. ప్రతి నిషేధానికీ కారణం చెబుతూ వీడియో విడుదల చేయడం ఆయన మొదలుపెట్టిన మంచి అలవాటు. ఏది తప్పో, ఎందుకు తప్పో పిల్లలు కూడా చూసి నేర్చుకునేలా ఉండేవి అవి.

శిక్ష మనిషిని మారుస్తుందా? కుక్ విషయమే చూద్దాం. 2011 మార్చిలో మరో ఆటగాడి తలకు మోచెయ్యి తగిలించినందుకు మిగిలిన పది మ్యాచ్‌లూ, ప్లేఆఫ్స్ తొలి రౌండూ నిషేధించారు. మరుసటి సీజన్‌లో అతను 82 మ్యాచ్‌లూ ఆడి, 44 పెనాల్టీ నిమిషాలతో సరిపెట్టుకుని, 19 గోల్స్ కొట్టాడు. మారిన మనిషి అని పత్రికలు మెచ్చుకున్నాయి. 2014 ప్లేఆఫ్స్‌లో కొలరాడో కుర్ర డిఫెండర్ మోకాలికి మోకాలు తగిలించి ఏడు మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. రాఫీ టోరెస్ అనే ఆటగాడి సంగతి ఇంకా తేటగా ఉంది. 2012లో మరియన్ హోస్సా తల మీద దెబ్బకు 25 మ్యాచ్‌లు, అప్పీల్లో 21కి తగ్గింది. 2015లో సన్నాహక మ్యాచ్‌లో మళ్లీ అదే తీరు దెబ్బ. ఈసారి 41 మ్యాచ్‌లు, 4 లక్షల 40 వేల డాలర్లకు పైగా జీతం పోయింది. ఆ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పెద్ద శిక్ష టోరెస్‌ను మార్చలేదు, లీగ్ బయటికి పంపింది.

డబ్బు జరిమానాలు మాత్రం నవ్వులాట. 2021 మే 3న న్యూయార్క్‌లో వాషింగ్టన్ ఆటగాడు టామ్ విల్సన్ కింద పడి ఉన్న ఒకరిని కొట్టి, హెల్మెట్ లేని అర్తెమీ పనారిన్‌ను మంచు మీద కుదేశాడు. విల్సన్ వార్షిక జీతం లక్షల డాలర్లలో ఉంటుంది. అతనికి పడిన జరిమానా 5,000 డాలర్లు, ఒప్పందం ప్రకారం అంతకుమించి వేయడానికి లేదు. నిషేధం వేయొచ్చు గానీ వేయలేదు. భద్రతా విభాగం అధిపతి ఆ పదవికి తగడని న్యూయార్క్ రేంజర్స్ ప్రకటన ఇస్తే ఆ జట్టుకు పడిన జరిమానా రెండున్నర లక్షల డాలర్లు. మనిషిని కుదేస్తే అయిదు వేలు, మాటంటే రెండున్నర లక్షలు. లెమ్యూ కాలం నుంచి లీగ్ ధర్మం పెద్దగా మారలేదన్నమాట. రెండు రోజుల తర్వాత ఇవే జట్లు మళ్లీ తలపడ్డాయి. పక్ పడీ పడగానే మూడు జంటలు కలబడ్డాయి, తొలి అయిదు నిమిషాల్లో ఆరు కొట్లాటలు. లీగ్ వేయని శిక్షను ఆటగాళ్లే వేసుకున్నారు.

పిడికిళ్లకు పని తగ్గింది

కొట్లాటకు ఎన్‌హెచ్‌ఎల్‌లో శిక్ష అయిదు నిమిషాలే. ఇద్దరూ బాక్స్‌లో కూర్చుని తిరిగొస్తారు. యూరప్ లీగ్‌లలో, అంతర్జాతీయ పోటీల్లో అయితే మ్యాచ్ నుంచే బయటికి. 1992లో గొడవ మొదలుపెట్టినవాడికి అదనపు శిక్ష తెచ్చారు. 2005లో ఆఖరి అయిదు నిమిషాల్లో మొదలుపెడితే నిషేధమూ, కోచ్‌కు జరిమానా కూడా అన్నారు. ఈ రూల్స్‌ను వ్యతిరేకించేవాళ్ల వాదన, పిడికిలి భయం ఉంటేనే స్టార్లను ఎవరూ ముట్టుకోరని. గ్రెట్జ్‌కీ పక్కన కాపలాగా డేవ్ సెమెన్కో ఉండేవాడు కదా అంటారు. ఒప్పుకోను. సెమెన్కోలు జట్టు జట్టుకూ ఉన్న రోజుల్లోనే ఆటగాళ్లు స్ట్రెచర్ల మీద వెళ్లారు. 2004 మార్చిలో కొలరాడో ఆటగాడు స్టీవ్ మూర్‌పై టాడ్ బెర్టుజీ వెనకనుంచి దాడి చేస్తే మూర్ మెడ ఎముకలు విరిగి ఆటే ముగిసింది. అది కూడా స్టార్‌ను కొట్టినందుకు తీర్చుకున్న ప్రతీకారమే.

2003-04లో ఎనిమిది వందలకు చేరువగా ఉన్న కొట్లాటలు 2018-19కు రెండున్నర వందల లోపుకు పడిపోయాయి. ఇందులో కొట్లాట రూల్స్ వాటా తక్కువేనని నా లెక్క. హుకింగ్‌కు విజిల్ మోగడం మొదలయ్యాక జట్టులో చివరిదైన నాలుగో వరుసలో కూడా స్కేటింగ్ వచ్చినవాడే కావాల్సి వచ్చింది. కొట్టడానికి మాత్రమే పనికొచ్చేవాడికి కుర్చీ కరవైంది. ఆరున్నర అడుగులు దాటిన డెరెక్ బూగార్డ్ 277 మ్యాచ్‌లు ఆడి మూడు గోల్స్ కొట్టాడు, ఎందుకు తీసుకున్నారో దాచేదేమీ లేదు. 2011 మేలో 28 ఏళ్లకే నొప్పి మాత్రలు, మద్యం కలిసి అతని ప్రాణం తీశాయి. పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే మెదడు జబ్బు అతనికి ఉన్నట్టు తర్వాత పరీక్షల్లో తేలింది. 2018లో మాజీ ఆటగాళ్లు మెదడు గాయాలపై వేసిన దావాను లీగ్ దాదాపు 1.9 కోట్ల డాలర్లతో రాజీ చేసుకుంది, బాధ్యత ఒప్పుకోకుండా.

కొట్లాట పోయిందా అంటే పోలేదు. 2025 ఫిబ్రవరి 15న మాంట్రియల్‌లో లీగ్ నడిపిన పోటీలో అమెరికా, కెనడా జట్లు తలపడినప్పుడు మొదటి తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు జరిగాయి. ఈసారి కొట్టుకున్నవాళ్లలో గోల్స్ కొట్టే పేరున్న ఆటగాళ్లు ఉన్నారు, పనిగా పెట్టుకున్న బూగార్డ్‌లు కాదు. అంటే కొట్లాట ఉద్యోగం పోయింది, సరదా మిగిలింది. లీగ్ ఆ క్లిప్పులను దాచుకోలేదు.

2014-15లో 87 దగ్గర ఆగిన కిరీటం 2022-23లో మెక్‌డేవిడ్ 153 పాయింట్లతో ఎక్కడికో వెళ్లింది. మ్యాచ్ సగటు మళ్లీ ఆరు గోల్స్ దాటింది. ఈసారి పవర్‌ప్లేలు పెరగలేదు, మూడు చుట్టూనే ఉన్నాయి. 2005 విజిల్ చూసి జట్లు పొట్టివాళ్లను, చురుకైనవాళ్లను ఏరుకోవడం మొదలుపెట్టాయి. వాళ్లను చూసి పెరిగిన పిల్లలు ఇప్పుడు లీగ్‌లో ఉన్నారు. 2011లో అయిదడుగుల తొమ్మిదంగుళాల జానీ గోద్రోను కాల్గరీ 104వ ఎంపికగా తీసుకుంది. ఎత్తు చాలదని మిగతావాళ్లు వదిలేసిన ఆ కుర్రాడు 2021-22లో 115 పాయింట్లు సాధించాడు. విజిల్ అలిసిపోయినా అది ఏరిన ఆటగాళ్లు ఉండిపోయారు.

ఇక శిక్షను ఇంకోలా అల్లవచ్చని చూపింది మహిళలు. 2024 జనవరి 1న ఉత్తర అమెరికాలో ఆరు జట్లతో మొదలైన ప్రొఫెషనల్ విమెన్స్ హాకీ లీగ్‌లో ఓ వింత రూల్ ఉంది. మైనర్ పెనాల్టీ పడి ఒక మనిషి తక్కువతో ఆడుతున్న జట్టు గోల్ కొట్టగలిగితే బాక్స్‌లో ఉన్నామెకు వెంటనే విడుదల. దీన్ని జైల్‌బ్రేక్ అంటారు. మామూలుగా నలుగురే మిగిలినప్పుడు పక్‌ను దూరంగా కొట్టి గడియారం తిరిగేదాకా కాచుకుంటారు. ఈ లీగ్‌లో మాత్రం అదను దొరికితే ఎదుటి గోల్ మీదికే పరిగెడుతున్నారు. ఆరంభ సీజన్ నుంచే జనం నోట నానిన ఈ రూల్‌ను ఎన్‌హెచ్‌ఎల్ ఇప్పటిదాకా తన పుస్తకంలోకి తెచ్చుకోలేదు.